పదమూడో నంబరు పానా

అమీర్‌పేట,
బోనాల ఆదివారం

ఎల్లేశం మామకు పూజ నమస్కారం.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, హాస్టల్లో పక్క గదివాళ్లు గోడ మీద కొడతారు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయని ఫోన్ మూలన పడేస్తావు. మగ్గాల మోత నీ చెవుల్ని తినేసింది, ఇక మనకు కాగితమే గతి. బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వకు.

నేను లిఫ్టుల కంపెనీలో చేరి ఎండాకాలం దాటిపోయింది. ఆఫీసు పంజాగుట్టలో, పని మాత్రం అమీర్‌పేట సందుల్లో. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, వాటన్నిటి మీద అంతస్తులు, ప్రతి బిల్డింగులో మూలిగే ఒక ముసలి లిఫ్టు. ఇప్పటికి నేను ఒకరి వెంట తిరిగే హెల్పర్‌ని. దసరా కాగానే ఎవరు ఏ సందుల లిఫ్టులు చూసుకోవాలో, ఎవరి లైను వాళ్లకు పంచుతారు. నాకు అమీర్‌పేట లైను కావాలి మామా. రాత్రి నిద్రలో కూడా అదే. మా సూపర్‌వైజర్ హనుమత్ప్రసాద్ గారు ముందే చెప్పేశారు, "ఏంటమ్మా, అరువు సామానుతో ఎన్నాళ్లు నెట్టుకొస్తావు? సొంత టూల్స్ లేనివాళ్లకి నేను లైను ఇవ్వను" అని.

సొంత పానా ఎందుకు లేదో ఆయనకు ఏమని చెప్పను? మొదటి పానా నేర్పినవాళ్లే చేతిలో పెట్టాలి, తనంతట తాను కొనుక్కోకూడదు అన్నది మగ్గాలు విప్పి బాగుచేసే మీ జాబర్ల పట్టింపు. నీకు మీ ఉస్తాద్ ఐలయ్య తాత ఇచ్చాడు. మగ్గం కింద దూరి నీకు నట్లు అందించిన నాటి నుంచి నాకు నేర్పింది నువ్వే. అందుకని ఇన్నాళ్లూ, నేను వెంట తిరిగే ఇద్రీస్ అన్న పానాలు అడుక్కుంటున్నాను. అతను మంచివాడే, కానీ ఇచ్చిన కాసేపటికే "అయిందా?" అంటాడు.

పంజాగుట్ట ఫ్లైఓవర్ దిగి లోపలి సందులోకి తిరిగితే హాషం భాయ్ సామాన్ల దుకాణం ఉంది. అక్కడ రాట్చెట్ పానాల సెట్లు చూశాను. మన రింగు పానా లాంటివే, కానీ రింగు లోపల సన్నటి పళ్లుంటాయి. బోల్టు మీద పెట్టి చెయ్యి అటూ ఇటూ ఆడిస్తే చాలు, తీసి తీసి మళ్లీ పెట్టే బాధ లేదు. లిఫ్టు పెట్టె పైన కూర్చుని చెయ్యి కూడా తిరగని చోట చేసే పనికి ఇదే కావాలి. రెండు రకాలున్నాయి. ఒకటి పలచన, ఒక దిక్కుకే పట్టు. రెండో దిక్కు కావాలంటే బోల్టు మీద నుంచి తీసి బోర్లించాలి. రెండోది కాస్త మందం, తల పక్కన చిన్న మీట ఉంటుంది, బోల్టు మీద ఉండగానే మీట నొక్కితే దిక్కు మారుతుంది.

ఏది తీసుకోమంటావో నువ్వే చెప్పాలి. త్వరగా రాయి. నాకు కాలు నిలవడం లేదు.

నీ మేనకోడలు,
పూజ

—

సిరిసిల్ల,
శ్రావణం వచ్చింది, వాన రాలేదు

పూజ బిడ్డకు ఎల్లేశం ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నీ చేతిరాత చూస్తే కోడి గీకినట్టే ఉంది, మారలేదు. నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు.

రాట్చెట్ పానా నాకు కొత్త కాదు. ఎన్నో చూశాను. చెయ్యి బద్ధకానికి కనిపెట్టిన సామాను అది. అయినా నీ పని వేరు, సరే. కానీ మీట ఎందుకు బిడ్డా? మీట అంటే లోపల ఒక స్ప్రింగు, ఒక గోలీ, దుమ్ము దూరడానికి ఒక సందు. సామానులో ఎన్ని ముక్కలుంటే అన్ని రోగాలు. ఏ దిక్కు తిప్పాలో చేతికి తెలిసి ఉండాలి గానీ మీటకు తెలిస్తే ఏం లాభం? మా మగ్గానికి చుట్టూ జాగా ఉంటుంది, ముందు నుంచి అందకపోతే వెనక నుంచి పెడతాం. పానా తీసి బోర్లించి పెట్టడానికి రెప్పపాటు.

ఇక్కడ కార్ఖానాలో చీరల ఆర్డరు నడుస్తోంది. నాకు ఊపిరాడటం లేదు. పొద్దున పోతే దీపాలు పెట్టాకే ఇల్లు. ఈ ఉత్తరం కూడా మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

మీ అమ్మ నువ్వు లిఫ్టుల ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నావనే అనుకుంటోంది. నేనే అలా చెప్పాను. లిఫ్టు గుంతలో వేలాడుతున్నావని తెలిస్తే కొమురమ్మక్క బీడీల చాట పక్కన పడేసి నెక్స్ట్ బస్సుకు వస్తుంది, వస్తూ వస్తూ ఒక పిల్లగాడి ఫోటో కూడా తెస్తుంది. నువ్వు జాగ్రత్తగా ఉంటేనే నా అబద్ధం నిలుస్తుంది.

బాగా ఆలోచించుకుని మళ్లీ రాయి.

ఎల్లేశం

—

అమీర్‌పేట,
వరలక్ష్మీ వ్రతం మర్నాడు

మామా,

ఆలోచించుకోమన్నావు. ఆలోచించీ ఆలోచించీ తల వాచిపోయింది. డ్యూటీ దిగగానే రోజూ హాషం భాయ్ దుకాణానికి పోతున్నాను. కౌంటరు మీద ఒక బోల్టు బిగించి పెట్టాడు, రెండు రకాలూ పెట్టి చూస్తాను. పలచనిది సందులోకి సాఫీగా దూరుతుంది, మీటది కాస్త అడ్డం తగులుతుంది. కానీ మీటది నొక్కినప్పుడు చేతిలో హాయిగా ఉంటుంది. ఆయన అత్తరు పూసుకున్న గడ్డం నిమురుకుంటూ చూస్తాడు, కొననందుకు ఏమీ అనడు. నిన్న మాత్రం అన్నాడు, "జర సోంచాయించు బేటీ. ఒక్క దిక్కే తిరిగేది ముందలికి మంచిగ పోతది. నడుమ ఇర్కితే ఎన్కకు ఎట్ల వస్తవు?"

ఆ మాట నా తలలో తిరుగుతూనే ఉంది. నువ్వేమో వద్దంటావు. నాకు నచ్చింది నేను తీసేసుకుంటే నిన్ను అడగడం దేనికి? అడిగాను కాబట్టి నువ్వు చెప్పిందే తీసుకుంటాను. కానీ ఒకసారి గట్టిగా చెప్పు. నాకు లిఫ్టు పెట్టె పైన చుట్టూ జాగా ఉండదు మామా. ఒక పక్క గోడ, ఒక పక్క లిఫ్టు నడిచే ఇనుప పట్టా, నెత్తి మీద తీగలు.

ఇద్రీస్ అన్న మళ్లీ "అయిందా?" అన్నాడు. ఈసారి పానా చేతిలోంచి లాక్కున్నంత పని చేశాడు. అతని తప్పు లేదు, అతనికీ పని ఉంది. నాకే సిగ్గుగా ఉంది.

పూజ

—

సిరిసిల్ల,
వినాయక చవితి ముందు

పూజ బిడ్డకు,

గట్టిగా చెప్పమన్నావు, చెబుతున్నాను. మీట లేనిదే తీసుకో. దుకాణం అన్నాక రెండో రకం పొగుడుతారు, అది వాళ్ల పని. చిన్నప్పటి నుంచి ఎన్ని మగ్గాలు విప్పి బిగించాను, ఒక్కనాడు నా పానా ఇరకలేదు. వెనక్కి రావాల్సిన పని ఎందుకొస్తుంది? నువ్వు ముందుకే పోవాలి.

ఈ కవరులో పసుపు దారం పెట్టాను. మన మగ్గం మీది నూలే, నేనే పసుపులో ముంచి ఆరబెట్టాను. సెట్టు తెచ్చుకుని, మొదట పని చెయ్యబోయే పానాకు ఇది కట్టు. నేను నీ చేతిలో పెట్టినట్టే లెక్క. మా ఉస్తాద్ నాకిచ్చినప్పుడు ఒకే మాట అన్నాడు, "చేతులకెల్లి పడనియ్యకు" అని. నేనూ అదే అంటున్నాను.

ఎల్లేశం

—

అమీర్‌పేట,
నిమజ్జనం అయిపోయింది

మామా,

సెట్టు తీసుకున్నాను. మీట లేనిదే. సెట్టులోని పదమూడో నంబరు పానాకు దారం కట్టాను. బాగానే ఉంది.

అమ్మను అడిగానని చెప్పు. ఇక్కడ వర్షాలు, పంజాగుట్ట దగ్గర నీళ్లు నిలిచి బస్సులు కదలడం లేదు.

ఒక్క మాట అడుగుతాను. మగ్గం మీద నిజంగానే నీ పానా ఎప్పుడూ ఇరకలేదా?

పూజ

—

సిరిసిల్ల

పూజా,

ఇదేం ఉత్తరం? కరెంటు బిల్లు మీద కూడా ఇంతకంటే ఎక్కువ రాస్తారు. "బాగానే ఉంది" అని రాసిన చోట పెన్ను కాగితాన్ని చింపింది, నాకు చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదు.

ఏం జరిగింది? చెయ్యికి దెబ్బ తగిలిందా? దాచకుండా రాయి. నీ ఉత్తరం వచ్చిన నాటి నుంచి నాకు అన్నం లోపలికి పోవడం లేదు. పోస్టాయన కనిపిస్తే చాలు గేటు దగ్గరికి పోతున్నాను.

మామ

—

అమీర్‌పేట,
ఎంగిలిపూల బతుకమ్మ

మామా,

దాచకుండా రాయమన్నావు. రాస్తున్నాను, చదివి బాధపడితే పడు.

చెయ్యికి ఏమీ కాలేదు. కొత్త పానాతో మొదటి పని నేనుండే హాస్టల్ లిఫ్టు మీదే. పెట్టె పట్టాలను పట్టుకుని నడవడానికి పైన రెండు పక్కలా షూలుంటాయి, అరిగిపోయి లిఫ్టు ఊగుతోంది, అవి మార్చాలి. ఇద్రీస్ అన్న కింద ఉన్నాడు, నేను పెట్టె పైన ఉన్నాను. దారం కట్టిన పదమూడు పెట్టి ఎడమ పక్క బోల్టు విప్పడం మొదలుపెట్టాను. ఎంత హాయిగా నడిచిందో. విప్పుతూ ఉంటే బోల్టు తల పైకి లేస్తుంది కదా, దానితో పాటు పానా కూడా లేచి పైనున్న ఇనుప కమ్మీకి ఆనింది. తీద్దామంటే పైకి రావడానికి జాగా లేదు. బోర్లించాలంటే ముందు తియ్యాలి కదా. ఇంకా విప్పితే ఇంకా బిగుసుకుంటుంది. బిగించే దిక్కు తిప్పితే పళ్లు ఊరికే జారుతాయి, పట్టదు. ముందుకు లేదు, వెనక్కి లేదు. నేను కంగారుపడి బలంగా లాగాను, పూర్తిగా ఇరుక్కుంది.

షూ సగం విప్పి ఉండగా లిఫ్టు నడపకూడదు. హాస్టల్ అమ్మాయిలందరూ మెట్లెక్కారు. అందరికీ తెలుసు పైన ఉన్నది నేనేనని. చివరికి ఇద్రీస్ అన్న గ్రైండర్ తెచ్చి నీ పానాను కోసేశాడు. నిప్పురవ్వలకు ముందు దారం కాలిపోయింది, తర్వాత పానా రెండు ముక్కలైంది. నేను ఏడ్చాను, అందరి ముందే.

మర్నాడు హనుమత్ప్రసాద్ గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కొన్నాళ్లు ఆఫీసులో కూర్చోమ్మా, కంప్లైంట్ ఫోన్లు ఎత్తు. లైను సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. నువ్వు అమ్మకు చెప్పిన అబద్ధం నిజమైంది. ఫ్యాను కింద కూర్చుని ఫోన్లు ఎత్తుతున్నాను. కుర్చీలో నా కాళ్లు ఆగడం లేదు మామా. ఫోన్లో ఎవరో లిఫ్టు ఆగిందంటారు, లేచి పరిగెత్తాలనిపిస్తుంది, మళ్లీ కూర్చుంటాను.

నాకు నీ మీద కోపంగా ఉంది. పెద్దవాడివని అణుచుకోలేను. నీ మగ్గానికి చుట్టూ జాగా ఉంటుంది, నాకు లేదని నేను రాశాను. నువ్వు చదవలేదా? నిజం చెప్పు, నువ్వు రాట్చెట్ పానా ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావా?

ఇంకో మాట. నిన్న అమ్మతో ఫోన్లో మాట్లాడాను. "మామ పొద్దంత అర్గు మీదనే కూసుంటుండు, కార్ఖానకు పోక మస్తు దినాలాయె" అంది. నాకెందుకు చెప్పలేదు?

పూజ

—

పంజాగుట్ట,
హాషం భాయ్ దుకాణం

బిడ్డా,

పైన ఊరి పేరు తప్పు రాయలేదు. పొద్దున మొదటి బస్సు ఎక్కి వచ్చాను. ఆ సందు అడిగి అడిగి పట్టుకున్నాను. దుకాణంలో స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. హాషం భాయ్ చాయ్ తెప్పించాడు. నాకు వినపడదని తెలిశాక మాటలు మానేసి చేతులతో చెబుతున్నాడు, మస్తు తెలివైన మనిషి.

పట్టుకోలేదు. ఇవాళే మొదలు. నా జన్మలో రాట్చెట్ పానా ముట్టుకోలేదు.

కార్ఖానాకు పోవడం లేదన్నది కూడా నిజమే. జాబర్ అంటే సగం చెవే బిడ్డా. మగ్గం ఎక్కడ నొచ్చుకుంటుందో మోతలోనే తెలుస్తుంది. నాకు ఆ మోత పోయింది. పానా ఒక కొస మగ్గానికీ ఒక కొస చెవి వెనక ఎముకకూ ఆనించి, ఆ అదురుతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఒకరోజు ఏమీ నొచ్చుకోవడం లేదని లేచాను, నా కళ్ల ముందే మగ్గంలో అటూ ఇటూ దూసుకుపోయే నాడె ఎగిరి, దాన్ని నడిపే పోచయ్య భుజానికి తగిలింది. కార్ఖానా నడిపే ఆసామి మానెయ్యమనలేదు. నేనే మర్నాటి నుంచి పోలేదు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది, నువ్వే చెప్పాలి మామా అని. ఎన్నాళ్లకో ఒకరు నన్ను పని సంగతి అడిగారు. తెలియదని రాయడానికి చెయ్యి రాలేదు.

ఇక్కడ ఏం చేశానో చెబుతాను. నువ్వు రాసినట్టే హాషం భాయ్‌తో బోల్టు పైన ఒక కమ్మీ బిగించమన్నాను. మీట లేనిది పెట్టి విప్పాను. ఇరికింది. నా చేతిలో, నా కళ్ల ముందు. లాగాను, తిట్టాను, దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. తర్వాత మీట ఉన్నది పెట్టి మళ్లీ విప్పాను. అదీ కమ్మీకి ఆనింది. బొటనవేలితో మీట నొక్కి చెయ్యి రెండు ఆటలు ఆడించి వెనక్కి బిగించాను, తల కిందికి దిగింది, పానా నా చేతిలోకి వచ్చేసింది. మిగతాది మామూలు పానాతో విప్పుకుంటే సరి. నీకు నేను ఆ మీటే వద్దన్నాను.

ఇంకోటి కూడా తెలిసింది. దీని పళ్ల చప్పుడు నాకు వినపడలేదు. కానీ ఒక్కో పన్ను అరచేతికి తెలుస్తోంది. టిక్కు టిక్కున లెక్కపెట్టొచ్చు. నేను ఆ బోల్టు ఎన్నిసార్లు విప్పి బిగించానో హాషం భాయ్‌నే అడుగు. చివరికి చాయ్ చల్లారిందని సైగ చేశాడు.

మీట ఉన్న సెట్టు తీసుకుని ఇక్కడే పెట్టిపోతున్నాను. కొత్త దారం కట్టలేదు. నేర్పినవాడు ఇవ్వాలి, తెలియనివాడు కాదు. ఇది మేనమామ కొనిచ్చిందే అనుకో.

నీ ఆఫీసు ముందు కాసేపు నిలబడ్డాను. అద్దంలోంచి కనిపించావు, చెవి దగ్గర ఫోను, బల్ల కింద కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. లోపలికి రాలేకపోయాను. మీ సారుతో మాట్లాడాలని కూడా ఉంది, ఆయన చెప్పేది నాకు వినపడదు కదా అని ఊరుకున్నాను.

బస్సు టైమైంది.

మామ

—

అమీర్‌పేట,
దసరా వెళ్లిన మర్నాడు

మామా,

వచ్చి కూడా కలవకుండా పోయావు. దానికి నిన్ను ఎప్పటికీ క్షమించను, అది వేరే లెక్క. హాషం భాయ్ నువ్వు కూర్చున్న స్టూలు చూపించి, "మీ మామ పట్టిండంటే ఇడువడు. నా బోల్టు మొత్తం అరగదీసిండు" అన్నాడు. నవ్వాననుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

సెట్టు చంకలో పెట్టుకుని తిన్నగా హనుమత్ప్రసాద్ గారి దగ్గరికి పోయాను. మా హాస్టల్ లిఫ్టు కుడి పక్క షూ ఇంకా మార్చలేదు, అది నేనే మారుస్తానన్నాను. ఆయన అన్నారు, "ఏంటి, మళ్లీ అదే లిఫ్టా? మళ్లీ ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటది సార్. ఇరుక్కున్నంక ఎట్ల తియ్యాలో ఇప్పుడు తెలుసు" అన్నాను.

ఆయన నాతో పాటు పైకి వచ్చి మిషన్ రూములోంచి తొంగి చూస్తూ నిలబడ్డారు. బోల్టు లేచింది, పానా కమ్మీకి ఆనింది. చూడకుండానే వేలితో మీట నొక్కాను. వెనక్కి రెండు ఆటలు, పానా బయటికి. మామూలు పానాతో మిగతాది. ఎడమ పక్కది కూడా మళ్లీ బిగించి చూశాను. కింద అమ్మాయిలు బతుకమ్మ కోసం తంగేడు పూలు పట్టుకుని లిఫ్టు కోసం నిలబడి ఉన్నారు. బటన్ నొక్కి నేనే దించాను, ఊగలేదు.

అమీర్‌పేట లైను నాకిచ్చారు మామా. నిన్న ఆయుధ పూజలో నా సెట్టుకు కూడా బొట్టు పెట్టారు. ఇద్రీస్ అన్న స్వీట్లు తిని, "పదమూడు ఉంటే ఇయ్యి, మళ్ల ఇస్త" అన్నాడు. నేను "అయిందా?" అని అడుగుతూనే ఉన్నాను.

అమ్మకు కూడా నిజం చెప్పేశాను. ముందు ఏడ్చింది, తర్వాత లిఫ్టు ఎక్కితే తనకు భయమేస్తుందా అని అడిగింది. మిగతాది నువ్వు చూసుకో.

ఈ పార్సిల్లో నువ్వు కొనిచ్చిన సెట్టులోని పదమూడో నంబరు ఉంది. నీకే. దారం హాషం భాయ్ దుకాణంలోదే, పసుపు మా హాస్టల్ వంటింట్లోది. తిట్టకు, ముందు చదువు. మొదటి పానా నేర్పినవాళ్లే ఇవ్వాలన్నావు కదా. ఈ రాట్చెట్ సంగతి నీకు తెలియదు, అది ఎలా ఇరుకుతుందో నా ఉత్తరం చూసే నేర్చుకున్నావు. అంటే దీనికి నీ ఉస్తాద్‌ని నేనే. చెవికి అందనిది అరచేతికి తెలుస్తోందన్నావు. అయితే అరచేత్తో చేసే పని వెతుక్కో. అరుగు మీద కూర్చోవద్దు.

చేతుల్లోంచి పడనివ్వకు.

పూజ

—

సిరిసిల్ల

ఉస్తాద్‌కు ఎల్లేశం నమస్కారం.

అన్నిటికంటే ఎక్కువ పని పడే నంబరు తీసి పంపుతావా? బుద్ధి ఉందా? సెట్టులో ఆ గాడి ఖాళీగా పెట్టుకుని లైను మీద ఎలా తిరుగుతావు?

నా పాత రింగు పానా పంపుతున్నాను, ఒక పక్క పన్నెండు, ఒక పక్క పదమూడు. ఐలయ్య ఉస్తాద్ నాకిచ్చింది. నా బొటనవేలు పెట్టేచోట అరిగి గుంత పడింది, అందులో నీ వేలు పెట్టుకో. కమ్మీ కింద ఇరికితే నీ మీట పానా వాడు, జాగా ఉన్నచోట ఇది వాడు. ఇది మాత్రం నాకు తెలిసిన పానా, నేర్పినవాడిగా ఇస్తున్నాను. దారం కట్టాను.

నీది పట్టుకుని మొన్న కార్ఖానాకు పోయాను. నడిచే మగ్గాల జోలికి పోలేదు. మూలన కొత్తగా తెచ్చిన మగ్గాలు విప్పిన ముక్కలుగానే పడి ఉన్నాయి, వాటిని నిలబెట్టి బిగించేవాళ్లు దొరకడం లేదట. ఆగి ఉన్న మగ్గానికి చెవి అక్కర్లేదు. ఒక ఫ్రేము బిగించాను. పన్ను పన్నూ చేతికి తెలిసింది. ఆసామి చూసి, రేపు కూడా రమ్మన్నట్టు చెయ్యి చూపించాడు.

ఇంకా రాద్దామనుకున్నాను. గేటు దగ్గర పోచయ్య నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. చాలాసేపటి నుంచి పిలుస్తున్నట్టున్నాడు. పోతున్నాను.

మామ